తమ్ముడి సూది ఒకచోట, సర్టిఫికెట్ ఒకచోట, పోలీసులు ఇంకోచోట. ఇదంతా ఎవరి డిపార్ట్‌మెంట్?

పాలమూరు_అక్క
మా తమ్ముడికి 31 ఏళ్లు. స్కిజోఫ్రీనియా. తొమ్మిదేళ్లుగా మందుల మీదే ఉన్నాడు. మాత్రలు నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడని డాక్టర్ నెలకోసారి వేసే సూదికి మార్చారు. అప్పటి నుంచి బాగున్నాడు, మేకలు కూడా కాస్తున్నాడు.

పోయిన నెల సూది కోసం జిల్లా ఆసుపత్రికి వెళ్లాం. మా ఊరి నుంచి 62 కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి. స్టాక్ లేదు, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం వెళ్తే మానసిక వైద్యుల ఓపీ ఆ రోజు కాదన్నారు. అట్లా సూది తప్పింది. పదిహేను రోజులకే నిద్ర పట్టడం మానేసింది, ఒక రాత్రి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. పక్క మండలంలో పోలీసులకు దొరికాడు. తెల్లారేదాకా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను వెళ్తే "మెంటల్ అని సర్టిఫికెట్ ఉందా?" అని అడిగారు. సర్టిఫికెట్ కోసం సదరం (వైకల్య శాతం తేల్చే) క్యాంపు స్లాట్‌కి మూడుసార్లు మీసేవకు పోయాను, మూడుసార్లూ దొరకలేదు.

మా అమ్మకు బీపీ, షుగర్. ఆశా అక్క ఇంటికే వచ్చి బీపీ చూసి మాత్రలు చేతిలో పెట్టి పోతుంది. అదే అరుగు మీద మా తమ్ముడు కూర్చుని ఉంటాడు. వాడి గురించి ఒక్క మాట అడగదు. ఆమెను తప్పు పట్టడం లేదు, ఆమెకెవరూ చెప్పి ఉండరు.

ఆసుపత్రి, పోలీసు, పింఛను, ఆశా. వీళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేయాల్సింది ఎవరు? ఇప్పటిదాకా ఆ ఉద్యోగం నేనే చేస్తున్నా, జీతం లేకుండా.

గోదారిగట్టు
అసలు డాక్టర్లే లేనప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారండీ. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేశారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. సైకియాట్రిస్టులు మాత్రం లక్ష జనాభాకు ఒకరు కూడా లేరు, 0.75 అట. ముందు సీట్లు పెంచండి, ఆసుపత్రులు కట్టండి. మిగతావి తర్వాత.

నైట్‌డ్యూటీ_సిస్టర్
గోదారి గారూ, మరి వాళ్ల తమ్ముడికి డాక్టర్ దొరికాడు కదా? జబ్బేమిటో తేలింది, మందు తేలింది. దొరకనిది సూది. దానికి సైకియాట్రిస్టు ఎందుకు, వేసేది మాలాంటి నర్సులే.

ఇంకో మాట. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. తర్వాత బళ్లారి జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ ట్రైనింగ్ ఇచ్చి చూశారు, పని జరిగింది. దాన్ని చూసి 1996లో జిల్లా కార్యక్రమం పెట్టారు. దేశం మొత్తం మీద మొదట తీసుకున్నవి నాలుగే జిల్లాలు, అందులో మన మెదక్ ఒకటి. ఇప్పుడు 767 జిల్లాలకు మంజూరైంది. ఐడియా లేక ఆగింది ఏమీ లేదు. జిల్లా టీములో ఒకరు ట్రాన్స్‌ఫర్ అయితే ఇంకొకరు రారు, సోషల్ వర్కర్ కాంట్రాక్టు రెన్యువల్ కాదు, జీపు వేరే పనికి పోతుంది. మిగిలేది బోర్డు.

కొత్తపేట_కుర్రాడు
మా ఆఫీసులో ఎవడైనా గట్టిగా మాట్లాడితే "ఎర్రగడ్డ బస్సెక్కించండ్రా" అంటారు. హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి అక్కడుందని ఆ ఊరి పేరునే తిట్టుగా మార్చేశాం. ఎర్రగడ్డలో మా అత్తగారిల్లు. పెళ్లిచూపులప్పుడు అడ్రస్ చెప్పడానికి వాళ్లు ఎంత మొహమాటపడ్డారో!

లా_పాయింట్
అక్కా, మీరు అడిగినదానికి చట్టంలోనే జవాబుంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017. అమల్లోకి వచ్చింది 2018 మే 29న. సెక్షన్ 32 తీసి చూడండి. ఆరోగ్యం, న్యాయం, హోం, విద్య, ఉపాధి, సామాజిక న్యాయం, స్త్రీ శిశు సంక్షేమం, ఇన్ని శాఖల మధ్య సమన్వయం చూడాల్సింది ప్రభుత్వమే అని రాసి ఉంది.

సెక్షన్ 18 మీకు ఇంకా ముఖ్యం. అవసరమైన మందుల జాబితాలో ఉన్నవి కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నింట్లో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. జిల్లా ఆసుపత్రిలోనే అని లేదు. మీ దగ్గర్లో సీహెచ్‌సీ ఉందా?

పోలీసులది సెక్షన్ 100. అట్లా తిరుగుతూ, తన్ను తాను చూసుకోలేని స్థితిలో కనబడ్డ మనిషిని వాళ్లు రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటలు దాటకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టడం ఏ పరిస్థితిలోనూ కుదరదు. సర్టిఫికెట్ అడగమని ఎక్కడా లేదు.

కొత్తపేట_కుర్రాడు
లా పాయింట్ అన్న దిగాడంటే సెక్షన్ల వానే. గొడుగులు తీయండి.

ఖాకీ_రిటైర్డ్
హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయాను. మా వైపు కూడా వినండమ్మా.

రాత్రి రెండు గంటలకు బస్టాండులో బట్టలు సరిగ్గా లేని ఒక మనిషి దొరుకుతాడు. స్టేషన్లో నేను, ఒక హోంగార్డు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్ "రాత్రి సైకియాట్రీ లేదు, హైదరాబాద్ తీసుకుపోండి" అంటాడు. హైదరాబాద్ పోవాలంటే బండి కావాలి, డీజిల్ కావాలి, ఎస్కార్ట్ కావాలి, తెల్లారి స్టేషన్లో మనిషి కావాలి. అందుకే బెంచీ. టీ తాగించి, దుప్పటి కప్పి, పొద్దున వాళ్లవాళ్లు ఎవరైనా వస్తారేమో చూసేవాళ్లం. వస్తే అప్పగించేవాళ్లం. రాకపోతే... చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కొందరు పక్క జిల్లా బస్సు ఎక్కించేవాళ్లు. ఆ సెక్షన్ 100 అనేది రిటైరయ్యాక మా అబ్బాయి ఫోన్‌లో చదివాను. సర్వీసులో ఉండగా ఎవరూ చెప్పలేదు.

పాలమూరు_అక్క
ఖాకీ సార్, ఒప్పుకున్నందుకు సంతోషం. మా వాడికి కూడా టీ ఇచ్చారట, అది చెప్పాడు. "మంచోళ్లే అక్కా, కానీ లైటు ఆర్పలేదు" అన్నాడు.

లా పాయింట్ తమ్ముడూ, సీహెచ్‌సీ 14 కిలోమీటర్లలో ఉంది. అక్కడ ఇవ్వొచ్చని ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో 1963లో కెన్నెడీ సంతకంతో ఒక చట్టం వచ్చింది. పెద్ద పెద్ద పిచ్చాసుపత్రులు తగ్గించి ఊళ్లలో చిన్న కేంద్రాలు పెడదామని. పెద్దవి ఖాళీ అయ్యాయి, చిన్నవి అనుకున్నన్ని రాలేదు. చివరికి చాలామంది జైళ్లలో, పేవ్‌మెంట్ల మీద తేలారు. మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 జులైలో 988 అని ఫోన్ నంబర్ పెట్టారు. డబ్బున్న దేశం కదా అని ఇక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయనుకోకండి.

మందులషాపు_మూర్తి
బాబాయ్ అమెరికాను తిట్టిన మొదటి పోస్టు ఇదే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి అందరూ.

గోదారిగట్టు
సిస్టర్ గారి మాట మీద ఆలోచించాను. నేను మా జిల్లాలో చూసిందే మర్చిపోయి మాట్లాడాను.

మాది పశ్చిమ గోదావరి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు మా జిల్లాలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అని ఒక ప్రాజెక్టు నడిపారు. ఆశాలకు ట్యాబ్ ఇచ్చి, నిద్ర పడుతోందా, పనుల మీద మనసు పోతోందా, బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగే పద్ధతి నేర్పారు. ఇబ్బంది ఉన్నవాళ్ల వివరం పీహెచ్‌సీ డాక్టర్ ట్యాబ్‌లో కనిపిస్తుంది. ఆయన చూసి మందో మాటో ఇస్తాడు. తర్వాత ఆ మనిషి మళ్లీ వెళ్లాడా లేదా అన్నది ట్యాబే ఆశాకి గుర్తు చేస్తుంది. దానికి ముందే ఊళ్లో వీధి నాటకం వేయించారు, సిగ్గు పోవడానికి. మా వదిన ఆశా. "బాబూ, ముప్పయ్యేళ్లుగా తెలిసిన ఆవిడ, ట్యాబ్ పెట్టి అడిగితే ఏడ్చేసింది, అంతకుముందు నేనెప్పుడూ అడగలేదు" అంది. తర్వాత హర్యానాలో కూడా కలిపి పెద్ద ట్రయల్ చేస్తే, మామూలు పద్ధతి కంటే డిప్రెషన్ బాగా తగ్గిందని తేలింది. ఒక్క కొత్త ఆసుపత్రి కట్టకుండా.

సైకియాట్రీ_పీజీ
మంచి ప్రాజెక్టే, కాదనను. కానీ సార్, అది డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ప్రమాదం ఉన్నవాళ్లకు. అక్క వాళ్ల తమ్ముడిలాంటి వాళ్లు ఆ ట్యాబ్ ప్రశ్నలకు చిక్కరు. ఆశా అక్క ఇంటింటికీ తిరిగి ఆరోగ్య వివరాలు రాసుకునే సీబాక్ ఫారం చివర్లో కూడా మనసు గురించి రెండు ప్రశ్నలున్నాయి, అవీ డిప్రెషన్‌వే. అందరూ తేలిక సమస్యల మీద ప్రాజెక్టులు చేసి, "మానసిక ఆరోగ్యం" అని బోర్డు పెట్టి, తీవ్రమైన జబ్బులున్న వాళ్లను మళ్లీ అరుగు మీదే వదిలేస్తారని నా భయం. మూడు గంటల ట్రైనింగ్‌తో అందరినీ కౌన్సెలర్లు చేసే ఫ్యాషన్ ఒకటి నడుస్తోంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
డాక్టర్ బాబూ, ఆ ఫారం ఆశా చేత నింపించేది కూడా ఎండలో, ముప్పయి ఇళ్లు తిరిగాక. ఆ రెండు ప్రశ్నలు అడగకుండానే సున్నా వేసిన ఫారాలు నేను చూశాను. బీపీకి అయితే మిషన్ ఉంది, నంబర్ వస్తుంది. దీనికి కూర్చుని వినాలి. వినడానికి డబ్బులివ్వరు.

నిజామాబాద్_నిజం
శాఖలు మాట్లాడుకోకపోతే ఏమవుతుందో మా దగ్గర చూశాం. 2015 సెప్టెంబరు. కల్తీ కల్లు మీద దాడులు చేశారు. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఏళ్ల తరబడి రోజూ అదే తాగినవాళ్లకు ఒక్కసారిగా ఆగిపోయింది. మూడో రోజు నుంచి ఫిట్స్, చేతులు వణకడం, గోడల మీద ఏదో పాకుతోందని అరుపులు. మా పెద్దాసుపత్రి నిండిపోయింది, వరండాలో మంచాలకు కట్టేశారు. పాలమూరులో, ఎర్రగడ్డలో కూడా అదే వరస. ఎక్సైజ్ వాళ్లు చేసింది మంచి పనే. వారం ముందు ఆరోగ్య శాఖకు ఒక్క కబురు చేసి ఉంటే మందులు, మంచాలు సిద్ధంగా ఉండేవి. మా మేనమామ ఆ వారంలోనే పోయాడు.

సైకియాట్రీ_పీజీ
ఆ మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, మెల్లగా తగ్గించాలి. ఇది మా రెండో సంవత్సరం పాఠం. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు ఆగినప్పుడు కూడా ఎర్రగడ్డ ఓపీ ఇలాగే నిండింది. అయిదేళ్లలో రెండుసార్లు. మీ మేనమామ గారి సంగతి విని బాధగా ఉంది.

ఎరువుల_కొట్టు
ఇక్కడ మాట్లాడొచ్చో లేదో తెలియదు. మాది పురుగుమందుల దుకాణం. మా కొట్లో కొన్న డబ్బాతోనే మా ఊరి కుర్రాడు ఒకడు పోయాడు. పెళ్లాంతో గొడవ, అరగంట కోపం. ఆ అరగంట దాటి ఉంటే ఇప్పుడు నా ముందు కూర్చుని అప్పు అడుగుతుండేవాడు. అప్పటి నుంచి ఘాటు మందులు తాళం వేసి పెడుతున్నా. మనిషి మొహం చూసి ఇస్తున్నా, వివరం అడుగుతున్నా. పక్క కొట్టుకు పోతారు, అది వేరే సంగతి.

మందులషాపు_మూర్తి
ఒకటి తీసేస్తే ఇంకోటి వెతుక్కుంటారు. దానికీ దీనికీ సంబంధం ఏముంది?

లా_పాయింట్
ఉంది మూర్తి గారూ. శ్రీలంక చూడండి. అతి విషపూరితమైన పురుగుమందుల్ని 1995 నుంచి దఫదఫాలుగా నిషేధించుకుంటూ వచ్చారు. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది, పంట దిగుబడి పడిపోలేదు. అక్కడ అంత మార్పు తెచ్చింది సైకియాట్రిస్టులు కాదు, పురుగుమందుల రిజిస్ట్రార్ సంతకం. మన దేశం 2022 నవంబరులో ప్రకటించిన ఆత్మహత్యల నివారణ వ్యూహంలో కూడా పురుగుమందుల మాట ఉంది. 2030కల్లా మరణాలు 10 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. కానీ ఆ ఫైలు కదలాల్సింది వ్యవసాయ శాఖలో.

ఖాకీ_రిటైర్డ్
కేసు భయం ఇంకా పోలేదు సార్. పురుగుమందు తాగిన మనిషిని ఆసుపత్రికి తీసుకొచ్చి "పొరపాటున నోట్లో పడింది" అని రాయిస్తారు. 2017 చట్టంలో సెక్షన్ 115 ఉంది, అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని. 2024 జులై నుంచి కొత్త న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత సెక్షన్ 309 కూడా లేదు. ఊళ్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నిజం దాస్తే డాక్టర్ తర్వాత ఎవరికి చూపించమంటాడు?

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇది చదివి ఎవరికైనా మనసు బాగోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. మా వార్డులో ఒకాయన భార్య రాత్రి పదకొండింటికి చేస్తే నలభై నిమిషాలు ఓపిగ్గా మాట్లాడారు.

రిటైర్డ్_పంతులు
విద్యా శాఖను వదిలేశారేం? విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయకూడదు. నేను పనిచేసిన కాలేజీకి వెళ్లి అడిగితే "ఉన్నాడు సార్" అని పీఈటీని చూపించారు. ఆయన మంచివాడే. పిల్లలు బాధ చెప్పుకుంటే "రెండు రౌండ్లు పరిగెత్తు, పోతుంది" అంటాడట.

కొత్తపేట_కుర్రాడు
సగం డిప్రెషన్ అలా కూడా పోతుందేమో మాస్టారూ, పీఈటీని తక్కువ చేయకండి.

రిటైర్డ్_పంతులు
నాయనా, మిగతా సగం సంగతే నేను అడిగేది.

భద్రాద్రి_బిడ్డ
మా వైపు ముందు దేవుడి దగ్గరికే పోతారు. గాలి సోకిందని, ఎవరో చేయించారని. ఆసుపత్రి చివరన. ఈ దేవుళ్లను ఏ శాఖ కిందికి తెస్తారు?

సైకియాట్రీ_పీజీ
తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న ఒక హోంలో మంటలు లేస్తే గొలుసులతో కట్టి ఉన్న 28 మంది కాలిపోయారు. పూజలూ తాయెత్తులూ అంటే మాకు ముందు గుర్తొచ్చేది అదే. అయితే గుజరాత్‌లో మెహసానా దగ్గర ఉనావా దర్గాలో ఇంకో దారి పట్టారు. దర్గా చూసుకునే ముజావర్లకే జబ్బు లక్షణాలు నేర్పించి, దర్గా ఆవరణలోనే సైకియాట్రిస్టును కూర్చోబెట్టారు. దువా (దీవెన) వాళ్లిస్తారు, దవా (మందు) వీళ్లిస్తారు. నాకు మొదట నచ్చలేదు, మూఢనమ్మకానికి మనమే ముద్ర వేస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు అభిప్రాయం మారుతోంది, పూర్తిగా కాదు.

పాలమూరు_అక్క
మేమూ ఒక దర్గాలో మూడు వారాలున్నాం డాక్టర్ గారూ, మొదటి సంవత్సరం. అక్కడి పెద్దాయన మా వాడి తల మీద చెయ్యి పెట్టి, నన్ను పక్కకు పిలిచి "బేటీ, ఆసుపత్రి మాత్రలు ఆపకండి, మా తమ్ముడూ ఇలాగే ఉండేవాడు" అన్నాడు. ఆయనకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

సదరం గురించి ఎవరూ చెప్పలేదు. ఒక బ్రోకర్ మాత్రం "క్యాంపుకు ముందు రెండు నెలలు మందు ఆపి తీసుకురా, శాతం పెరుగుతుంది" అన్నాడు. మందు వాడుతూ బాగా మాట్లాడితే పింఛనుకు కావాల్సిన 40 శాతం రాదట. నిజమేనా?

సైకియాట్రీ_పీజీ
వద్దు. వద్దు. వద్దు. మందు ఆపకండి. మళ్లీ జబ్బు తిరగబెడితే ఈసారి అదే సూదికి లొంగకపోవచ్చు.

శాతం ఐడియాస్ అనే స్కేలుతో వేస్తారు. నాలుగు విషయాలు చూస్తారు: తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని. వీటికి తోడు జబ్బు ఎన్నాళ్లుగా ఉందనేదానికి మార్కులుంటాయి. అంటే ఆ ఒక్క రోజు ఎలా మాట్లాడాడన్నదే లెక్క కాదు. పాత ఓపీ చీటీలన్నీ తేదీల వరసలో పెట్టి తీసుకెళ్లండి. మేకలు కాస్తాడు, కానీ సంతకు ఒంటరిగా పంపలేం, డబ్బు లెక్క తెలియదు. ఇలాంటివి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

గోదారిగట్టు
మా ఆంధ్రాలో 40 దాటితే నెలకు 6,000, మీ తెలంగాణలో 4,016. మేకలు మేపుతున్నాడని 38 వేస్తే ఒక్క రూపాయి లేదు. బాగుపడితే డబ్బు పోతుందన్న భయం పెట్టిన పథకం బాగుపడనిస్తుందా?

మందులషాపు_మూర్తి
ఈ ఒక్కమాట మాత్రం నేను ఒప్పుకుంటున్నా.

పాలమూరు_అక్క
రెండు వారాల తర్వాత రాస్తున్నా.

సీహెచ్‌సీకి వెళ్లాను. సెక్షన్ 18 తెలుగులో రాసుకుని పోయాను. అక్కడి మెడికల్ ఆఫీసర్ చిన్న వయసు అమ్మాయి, గొడవకొచ్చాననుకుంది. తర్వాత కూర్చోబెట్టి చదివింది. జిల్లా సైకియాట్రిస్టుకు నా ఎదురుగానే ఫోన్ చేసింది. ఆయన డోసు వాట్సాప్‌లో పంపాడు, ఫార్మసిస్టు ఇండెంట్ పెట్టాడు. సూదులు వచ్చాయి, రెండు నెలలకు సరిపడా. తర్వాత మళ్లీ అడగాలి. ఇంత పనీ ఆ అమ్మాయి ఫోన్‌లో అయింది. రేపు ఆమెకు ట్రాన్స్‌ఫర్ అయితే ఏమిటో.

సదరం స్లాట్ ఇంకా రాలేదు. చీటీలు మాత్రం వరసగా పెట్టాను, 71 ఉన్నాయి. పోలీస్ స్టేషన్‌కి వెళ్లడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

ఖాకీ_రిటైర్డ్
ఏ సర్కిలో నాకు విడిగా మెసేజ్ పెట్టమ్మా. మావాళ్లు ఒకరిద్దరు ఇంకా సర్వీసులో ఉన్నారు. నీ ఫోన్ నంబర్, తమ్ముడి ఫోటో, ఏ ఆసుపత్రిలో చూపిస్తున్నారో రైటర్ దగ్గర పెట్టిస్తా. ఈసారి దొరికితే బెంచీ ఎక్కకముందే నీకు ఫోన్ రావాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సూది వేసిన తేదీ, డోసు, ఏ వైపు వేశారో రాయించుకున్నావా? ఫోటో తీసి పెట్టుకో.

పాలమూరు_అక్క
తీశాను అక్కా. వేరే కార్డు లేదని అమ్మ బీపీ పుస్తకం వెనక పేజీలో రాసింది ఆ డాక్టరమ్మ. నిన్న ఆశా అక్క అమ్మకు బీపీ చూడటానికి వచ్చి పుస్తకం తిప్పింది. "ఇదెవరిది?" అంది. అరుగు మీద వాణ్ని చూపించాను.